బెరకుల బకెట్లు

మా పెరటి గోడ పక్కన మూడేళ్ళ పాటు ఇరవై రెండు పాత బకెట్లు బారులు తీరి ఉండేవి. ఒకదానికి చెవి లేదు, ఒకదానికి అడుగు సగమే ఉంది, ఇంకోదాని మీద మా ఆయన ఎప్పుడో గేటుకి వేసిన పచ్చరంగు మరకలు. ప్రతి బకెట్ మీదా తెల్ల పెయింటుతో ఒక అంకె, ప్రతి దానిలోనూ మూడేసి ఆకుల చిన్న చిన్న మొక్కలు. బట్టలు ఆరేయాలంటే వాటిని దాటాలి, చీపురు తిప్పాలంటే వాటి చుట్టూ ప్రదక్షిణం చేయాలి. "ఈ ఇంట్లో ఈ బకెట్లైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అని వారానికోసారైనా అనేదాన్ని.

"ఇద్దరూ ఉండండి. చోటుందిగా" అనేది అక్క, తలెత్తకుండా.

అక్క అంటే తోడబుట్టినది కాదు, నా తోటికోడలు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే చోట పని చేస్తాం. ఊరి చివర పశుగ్రాసం మీద పరిశోధన చేసే పొలం ఒకటి ఉంది. అక్కడ నాది విత్తనాల గది, ఆమెది కలుపు. ఆమెని అక్కడ అందరూ పట్టకారు అంటారు. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఆమె ఒక గడ్డిపోచని పట్టుకుందంటే అది వేళ్ళతో సహా రావాల్సిందే. నన్ను రేడియో అంటారు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

పెళ్ళికి ముందు అక్క పదేళ్ళు ఉల్లి విత్తనాలు పండించే పొలంలో పని చేసింది. విత్తనం కోసం పెంచే పంటలో వేరు రకం మొక్క ఒక్కటి కూడా మిగలకూడదు. అలాంటి వాటిని బెరకులు అంటారు. ఆకు రంగు కొంచెం మారినా, కాడ కొంచెం లావైనా, అది పువ్వు విప్పకముందే పీకేయాలి. అక్కడి మేస్త్రీ ఒక ముసలాయన, పని చేసే పిల్లల వెనక చేతులు కట్టుకుని నడిచేవాడట. ఒక్క బెరకు వదిలేసినా వరస మొదటికి వెళ్ళి మళ్ళీ నడవమనేవాడు. "వరసంతా ఒక్క తల్లి బిడ్డల్లా ఉండాలి" అన్నది ఆయన నేర్పిన ఒకే ఒక్క పాఠం. పదేళ్ళలో అక్క కంటికి అది ఎంత పట్టిందంటే, ఇరవై అడుగుల దూరం నుంచే తేడా మొక్కని పసిగట్టేది.

ఆ కన్ను పొలంతోనే ఆగితే నాకు బాధ లేదు. ఇంట్లో కూడా ఆగదు. నా గుండీల డబ్బాలో రంగు కలవని గుండీ ఉంటే మర్నాటికి అది కిటికీ గట్టు మీద ఒంటరిగా కూర్చునేది. గుమ్మం ముందు ఎవరి చెప్పులు వంకరగా ఉన్నా సర్దాకే లోపలికి వచ్చేది. ఒకరోజు నాకు జడ వేస్తూ చటుక్కున ఒక వెంట్రుక లాగేసింది. అబ్బా అని అరిచాను.

"తెల్లది. బెరకు" అంది, ఎంతో తాపీగా.

ఆమె గురించి ఇంకొక్క మాట కూడా చెప్పాలి. నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగు పెట్టిన రోజున మా అత్తగారు నన్ను కింద నుంచి పైదాకా చూశారు. ఆ ఇంట్లో అందరూ పొట్టివాళ్ళు, నెమ్మదస్తులు. నేను అందరికంటే జానెడు పొడుగు, నా గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. "ఈ పిల్ల మన వరసలో కలవదు" అన్నారు అత్తగారు, నా ముందే. గిన్నెలు తుడుస్తున్న అక్క అటు తిరక్కుండానే, "ఒక్కరైనా తేడాగా ఉండనీండి అత్తయ్యా, చీకట్లో గుర్తు పట్టడం తేలిక" అంది. అందరూ నవ్వేశారు. ఆ మాటకి నేను ఇప్పటికీ ఆమెకి బాకీ ఉన్నాను, ఆమెకి మాత్రం ఆ మాట గుర్తే లేదు.

ఇక బకెట్ల సంగతికి వస్తాను. నాలుగేళ్ళ కిందట మా పొలానికి ఒక డాక్టరమ్మ వచ్చింది. రోగులని చూసే డాక్టరు కాదు, మొక్కల డాక్టరు. వయసు చిన్నది, కళ్ళజోడు పెద్దది. మొదటి ఉద్యోగం. ఆవిడ వెంట నా విత్తనాల గదికి ఇరవై రెండు కాగితం పొట్లాలు వచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే విత్తనం, అడవి క్లోవర్. తెల్లపూల క్లోవర్ అంటే నేల మీద పాకే మూడాకుల మొక్క, పశువులు ఎగబడి తింటాయి. ఆసియాలో క్లోవర్లు బోలెడు రకాలట. ఉప్పునేలల్లో పెరిగి గులాబీరంగు బుడగల్లాంటి కాయలు కాసేది ఒకటి, సైబీరియా నుంచి తూర్పు తీరం దాకా మూడుకి బదులు అయిదేసి ఆకులతో పెరిగేది ఒకటి. డాక్టరమ్మ అవన్నీ చెప్పేది గానీ, ఆవిడ పట్టుకున్నది మాత్రం ఈ తెల్లపూలదాన్నే. ఎందుకంటే ఇది ఎక్కడ పడితే అక్కడ బతుకుతుంది.

ఒక పొట్లం కాకసస్ కొండల నుంచి, ఒకటి టర్కీ పచ్చికల నుంచి, ఒకటి ఇరాన్ వాగుల పక్క నుంచి, ఇంకొకటి హిమాలయాల్లో గొర్రెలు మేసే చోటు నుంచి వచ్చాయి. కజకిస్తాన్ నుంచి రెండు, సైబీరియా నుంచి ఒకటి. జపాన్‌ది కూడా ఉంది. అక్కడ ఇది పుట్టు మొక్క కాదట. ఎప్పుడో గాజుసామాను పగలకుండా పెట్టెల్లో కుక్కిన ఎండుగడ్డితో పాటు ఓడ దిగి, ఇల్లు కట్టుకుని కూర్చుందట. ఆ కథ విన్నప్పటి నుంచి నాకు జపాన్ క్లోవర్ అంటే ప్రత్యేకమైన అభిమానం.

డాక్టరమ్మ ప్రశ్న తేలికైనదే. ఒకే మొక్క ఇన్ని చోట్ల పెరిగితే ఒక్కో చోట ఒక్కోలా మారిందా? అన్నిటినీ ఒకే మట్టిలో, ఒకే నీటితో, పక్కపక్కన పెంచితే అప్పటికీ మిగిలే తేడాలు పుట్టుకతో వచ్చినవని తెలుస్తుంది. అందుకని ఒక్కో పొట్లానికి ఒక్కో నారు ట్రే, ఒక్కో ట్రేలో వంద మొలకలు. పొలంలో ఇరవై రెండు వరసలు, వరసకి ముప్పై మొక్కలు. అంకెలతో పిలవడం అక్కకి నచ్చలేదు. వారం తిరిగేసరికి నాలుగో నంబరు కాకసస్ మామ, తొమ్మిది ఇరాన్ వదిన, పదిహేడు సైబీరియా చెల్లి అయిపోయాయి. కొన్నాళ్ళకి డాక్టరమ్మ కూడా "వదినకి నీళ్ళు పెట్టారా?" అని అడగడం మొదలుపెట్టింది.

నాట్ల వారంలో డాక్టరమ్మ ఊళ్ళో లేదు, ఏదో సమావేశానికి వెళ్ళింది. ట్రేకి ముప్పై చొప్పున నాటించమని ఫోన్లో చెప్పింది. వందలో ఏ ముప్పై అన్నది ఆవిడ చెప్పలేదు. ఏవైనా ఒకటేనని ఆవిడ లెక్క. కానీ ట్రేలు పట్టుకుని మడిలో కూర్చున్నది మా అక్క.

క్లోవర్ ఆకు మీద తెల్లటి మచ్చ ఉంటుంది, నెలవంక లాగా. కొన్నిటికి దట్టంగా, కొన్నిటికి ఉందో లేదో అన్నట్టు. కొన్నిటికి అసలే ఉండదు, కొన్నిటి మీద ఎర్రటి చుక్కలు చల్లినట్టు ఉంటాయి. అక్క ఒక్కో ట్రేని ముందు పెట్టుకుని, ఎక్కువ మొలకలకి ఏ రకం మచ్చ ఉందో చూసి, అదే మచ్చా అదే సైజూ ఉన్నవి ముప్పై ఏరి నాటింది. అయిదు రోజుల్లో ఇరవై రెండు వరసలూ అద్దంలా తయారయ్యాయి. ఎక్కడైనా మొక్క చచ్చిపోతే ట్రేలో మిగిలిన వాటిలోంచి సరిగ్గా దాని జోడీని వెతికి ఖాళీ పూరించింది. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

మిగిలిన నారుని ఎరువు గుంటలో వేయమన్నారు. చాలావరకు వేసింది. వరసలో కలవని వాటిని మాత్రం, నంబరుకి అయిదారు చొప్పున, తడిగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. ఉల్లి పొలంలో పీకిన ప్రతి బెరకునీ గొయ్యి తీసి పూడ్చాలట. పదేళ్ళు పీకడం ఆమెకి ఇబ్బంది అనిపించలేదు గానీ పూడ్చడం మాత్రం మనసుకి పట్టేది కాదు. "ఇక్కడ పూడ్చమని ఎవరూ అనలేదుగా" అంటూ బకెట్లలో నాటింది. ఏ ట్రేది ఆ బకెట్లో, ఆ అంకెతో. చెత్తని కూడా వరసలో పెట్టే మనిషిని నేను ఆమెనే చూశాను.

మూడేళ్ళు గడిచాయి. డాక్టరమ్మ ప్రతి వారం స్కేలు పట్టుకుని ఆకులు కొలిచేది, ఫొటోలు తీసేది. ఆకులు నలిపి చిన్న సీసాల్లో వేసి, పైన పసుపుపచ్చ కాగితం ముక్క వేలాడదీసేది. ఆకులో చేదు ఉంటే ఆ కాగితం ఇటుకరంగుకి తిరుగుతుంది. చలి గట్టిగా ఉండే చోట్ల నుంచి వచ్చిన మొక్కల్లో చేదు తక్కువ, వెచ్చని చోట్ల వాటిలో ఎక్కువ. ఇది ముందే కొందరు చెప్పిన సంగతేనట. ఆవిడ కళ్ళు మెరిసింది మాత్రం మచ్చల దగ్గర. ప్రతి వరసలో ముప్పైకి ముప్పై మొక్కలూ ఒకే మచ్చతో ఉన్నాయి. ఇలాంటిది ఇంతవరకు ఎవరూ చూడలేదంది.

చూడరు మరి.

ఆ నెలాఖరుకి బయటి నుంచి ఆరుగురు పెద్ద శాస్త్రవేత్తలు పొలం చూడడానికి వస్తున్నారు. డాక్టరమ్మ వాళ్ళ ముందు మాట్లాడాలి. అదే రోజున అక్కకి పొలం సూపర్‌వైజర్ కాగితం ఇస్తానని మా పెద్దసారు మాటిచ్చారు. ఇరవై నాలుగేళ్ళుగా అక్క మీద సూపర్‌వైజర్లు వచ్చారు, వెళ్ళారు. అందులో సగం మందికి తుంగకీ గరికకీ తేడా తెలీదు. ఈసారి ఆ కుర్చీ ఆమెది. ఇంట్లో మా బావగారు, రోజుకి పది మాటలు మించి మాట్లాడని మనిషి, రెండుసార్లు "సూపర్‌వైజర్ గారూ" అని పిలిచారు. అక్క విసుక్కుంది గానీ లోలోపల పొంగిపోయింది, నాకు తెలుసు.

ఒక సోమవారం మధ్యాహ్నం డాక్టరమ్మ తన ప్రసంగాన్ని మా ముందు చెప్పి చూసుకుంది. మేము నలుగురైదుగురం మడి గట్టు మీద కూర్చున్నాం. అక్క వరస చివర గొంతుక్కూర్చుని కలుపు తీస్తూనే వింటోంది.

"ఈ వరస చూడండి" అంది డాక్టరమ్మ, చెయ్యి చాపి. "ముప్పై మొక్కలు, ఒకటే మచ్చ. పక్క వరసలో ఇంకో మచ్చ. మనిషి చెయ్యి పడకుండా ప్రకృతి ఒక్కో ప్రాంతానికి ఒక్కో ముద్ర వేసింది. ఇకమీదట ఆకు చూసి ఊరు చెప్పొచ్చు!"

మేము చప్పట్లు కొట్టాం. అక్క లేచి నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది. ఏ చీమో కుట్టిందనుకున్నాను.

"డాక్టరమ్మా, ఒకవేళ ఒక్కో వరసలో మూడు నాలుగు రకాల మచ్చలు ఉంటే?" అని అడిగింది.

"అప్పుడు ఈ మాట చెప్పలేం అక్కా. మచ్చకీ ఊరికీ సంబంధం లేనట్టే. మన అదృష్టం, అలా లేదు" అని నవ్వింది డాక్టరమ్మ.

ఇంటికి వచ్చే దారి పొడుగునా నేనే ఏదో వాగుతున్నాను. ఇల్లు చేరాక చెప్పులు వంకరగా విడిచేసి నేరుగా పెరట్లోకి వెళ్ళింది. అప్పుడు నాకు భయం వేసింది. వెనకే వెళ్ళాను. నాలుగో బకెట్ ముందు కూర్చుని ఆకులు ఒక్కొక్కటీ విప్పి చూస్తోంది.

"ఇది చూడు. మచ్చ లేదు. దీనికి ఎర్ర చుక్కలు. ఇది సన్నమచ్చ. అన్నీ కాకసస్ మామ పిల్లలే" అంది.

"అయితే?"

"అయితే ఏంటే! వరసలో అన్నీ ఒకేలా ఉన్నాయంటే ప్రకృతి ఏరలేదు, నేను ఏరాను."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మూడేళ్ళ పని, డాక్టరమ్మ ప్రసంగం, అక్క కాగితం, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి. నేను మంచిదాన్నే గానీ మహాత్మురాలిని కాదు. మొదట నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"నోరు మూసుకుని ఊరుకో అక్కా. కాగితం చేతికి రానీ. ఈ బకెట్లు రేపే పారబోసేస్తాను."

"ఎవరైనా ఆ విత్తనాలు తీసుకెళ్ళి మళ్ళీ నాటితే? నాలాంటి పిచ్చిది లేకుండా నాటితే?"

"అప్పుడు చూసుకుందాం."

"అప్పుడు తల దించుకోవాల్సింది నేను కాదు, ఆ పిల్ల. పదిమందిలో. పప్పులో కాలేసింది నేనైతే మరక ఆవిడకి ఎందుకు?"

"కాగితం పోతుంది అక్కా. ఇరవై నాలుగేళ్ళు!"

ఆమె లేచి చేతులు దులుపుకుంది. ముఖం మామూలు రంగుకి వచ్చింది. కోపంగా కూడా లేదు. ఏదో పని మొదలుపెట్టేముందు ఎలా ఉంటుందో అలా ఉంది.

"పోతే పోతుంది. అయినా నేను ఏడుస్తూ వెళ్తానా? ఆరువందల అరవై మొక్కలు, ఒక్క బెరకు లేదు. అంత బాగా ఏరే మనిషి ఇంకొకరు ఉంటే చూపించమను. తప్పు పనే చేశాను, కానీ చేసిన పని తప్పు లేకుండా చేశాను. ఆ రెండూ కలిపే చెప్తాను."

మర్నాడు పొద్దున్నే తోపుడుబండి తెచ్చారు మా బావగారు. బకెట్లు ఎక్కించాం. అక్క లెక్కపెట్టింది. ఇరవై ఒకటి.

"పదిహేడు ఏది?"

నేను ఆకాశం వైపు చూశాను.

"ఒసే రేడియో, నిన్నే."

చెప్పక తప్పలేదు. కిందటి వానల్లో కుళాయి గొట్టం పగిలి వంటింట్లోకి నీళ్ళు వస్తుంటే చేతికి అందిన బకెట్‌ని ఖాళీ చేసి పెట్టాను. అది పదిహేడు. మొక్కల్ని గోడ అవతల కాలువ పక్కన విసిరేశాను. ఏడాది అయింది, ఆమె చూసుకోకుండా నేను వేరే బకెట్లని ముందుకీ వెనక్కీ జరుపుతూ నెట్టుకొచ్చాను.

అక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గబగబా గోడ అవతలికి వెళ్ళింది, వెనకే నేను. కాలువ గట్టు మీద, ఎవరూ నీళ్ళు పోయని చోట, చాప పరిచినట్టు క్లోవర్ పాకి ఉంది. మచ్చ ఉన్నవి, లేనివి, ఎర్ర చుక్కలవి, ఒకదాని మీద ఒకటి పడి నవ్వుతున్నట్టు ఉన్నాయి. ఏ బకెట్లోనూ అంత బలంగా పెరగలేదు.

"సైబీరియా చెల్లి నీ చేతిలో పడి బాగుపడింది" అంది అక్క. పారతో రకానికి ఒక ముక్క తీసి, నేను వంటింట్లోంచి తెచ్చిన పదిహేడో బకెట్లో పెట్టింది. "చక్రం వదులుగా ఉంది, చూసుకోండి" అన్నారు బావగారు. ఆ రోజుకి ఆయన మాటలు అయిపోయాయి.

డాక్టరమ్మ వచ్చేసరికి ప్రతి వరస మొదట్లో దాని నంబరు బకెట్ పెట్టి ఉంది. ఆవిడ చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది. ఒక వరసనీ దాని బకెట్‌నీ చూసింది, మరో వరసనీ దాని బకెట్‌నీ చూసింది.

"ఇవి ఎక్కడివి?"

"మీ ట్రేలవే. నాటేటప్పుడు నేను పక్కన పెట్టినవి. నిన్న మీరు మనిషి చెయ్యి పడలేదన్నారు. పడింది డాక్టరమ్మా. ఇదిగో, ఈ చెయ్యే" అని అక్క కుడిచెయ్యి చాపి చూపించింది.

"మరి ఎందుకు చెప్పలేదు అక్కా?"

"చెప్పాలని తెలిస్తేగా? పొద్దున్నే తల దువ్వుకున్నామని ఎవరికైనా చెప్తామా? బెరకు ఏరడం నాకు అలాంటిదే."

డాక్టరమ్మ మడి గట్టు మీద కూలబడింది. "మూడేళ్ళు అక్కా, మూడేళ్ళు!" అని గట్టిగా అరిచింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. నేను ఓదార్చబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ కోపం పడాల్సింది తన మీదేనని, పడనివ్వమని. నిటారుగా నిలబడి అంతా పడింది. కాళ్ళు పట్టుకోలేదు, సాకులు చెప్పలేదు.

కాసేపటికి డాక్టరమ్మ ముక్కు చీదుకుని అడిగింది. "ఏం చూసి ఏరావు? అన్నీ చెప్పు."

"మచ్చ. ఆకు సైజు. కాడ రంగు."

"చేదు?"

"చేదు కంటికి కనిపిస్తుందా ఎక్కడైనా?"

"నమిలి చూడలేదా?"

"నమలడానికి నేనేమైనా మేకనా డాక్టరమ్మా?"

డాక్టరమ్మ లేచి నిలబడింది. టీ ఒలికిపోయినా చూసుకోలేదు. అక్క కంటికి కనిపించనిదాన్ని అక్క ఏరలేదు. అంటే చేదు లెక్కలకి ఆ చెయ్యి తగల్లేదు. అక్కడికక్కడే బకెట్లలోని ఆకులు కోసి సీసాల్లో వేసింది. మేమంతా పసుపు కాగితాల్ని కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాం. సాయంత్రానికి తేలింది, వరసల్లో చేదు మొక్కలు ఎన్నో వంతు ఉన్నాయో బకెట్లలోనూ దాదాపు అంతే ఉన్నాయి. మచ్చల కథ పోయింది, చేదు కథ నిలిచింది. ఆవిడ ఆ రోజు మొదటిసారి నవ్వింది, కొంచెమే.

పెద్దసారు మాత్రం నవ్వలేదు. అక్కని పిలిపించారు, నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"సూపర్‌వైజర్ కాగితం నా బల్ల మీదే ఉంది. ఇప్పుడు దీన్ని ఏం చెయ్యమంటావమ్మా?"

"మీ ఇష్టం సార్. కానీ రిపోర్టులో ఈ సంగతి రాయించండి. నా పేరు పెట్టి రాయించండి. ఎవరో కూలీ అని రాస్తే ఒప్పుకోను."

ఆయన కాగితాన్ని సొరుగులో పెట్టి మూశారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అక్క "వస్తాను సార్" అని చెప్పి, కలుపు సగంలో ఆగిన మడికి వెళ్ళిపోయింది.

పెద్దలు వచ్చిన రోజు డాక్టరమ్మ ఏదీ దాచలేదు. మొదట చేదు సంగతి చెప్పింది, తర్వాత మచ్చల దగ్గర ఎలా మోసపోయిందీ చెప్పింది. వచ్చిన వాళ్ళలో ఒక ముసలాయన వరసల్ని వదిలేసి గంటసేపు బకెట్ల దగ్గరే కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు అక్క వేళ్ళని ఒకసారి చూపించమని అడిగి మరీ చూశాడు.

మచ్చల లెక్క మాత్రం మళ్ళీ మొదటి నుంచి చేయాల్సిందే. మిగిలిన విత్తనాలతో కొత్త ట్రేలు వేశారు. ఈసారి వందలో ముప్పైని ఏరకుండా, చేతికి వచ్చినవి వచ్చినట్టు నాటాలి. అక్క కళ్ళకి గంతలు కట్టుకుని ప్రయత్నించింది. లాభం లేదు. వేళ్ళు తడిమి ఆకు సైజు పట్టేస్తున్నాయి. అప్పుడు డాక్టరమ్మ గట్టు మీద నిలబడి అడిగింది.

"ఈ పొలంలో ఒక క్లోవర్‌కీ ఇంకో క్లోవర్‌కీ తేడా అస్సలు తెలియని మనిషి ఎవరున్నారు?"

అందరి తలలూ నా వైపు తిరిగాయి. పదిహేడేళ్ళుగా విత్తనాల గదిలో పని చేస్తున్న నాకు దక్కిన గౌరవం అది. సరే కానీండని బరిలోకి దిగాను. అక్క మడి అవతల మాకు వీపు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. వెనక్కి తిరగలేదు గానీ నేను బొరిగతో గుంట తీసే చప్పుడు విని "వంకర... అదీ వంకరే" అని గొణుగుతూనే ఉంది.

ఆ ఏడాది రిపోర్టు అచ్చయి వచ్చింది. నలభై ఒకటో పేజీలో, మొక్కలు ఎవరు ఎలా ఏరారో, అందువల్ల ఏ ఫలితం చెల్లదో, ఏది చెల్లుతుందో, అక్క పూర్తి పేరుతో సహా ఉంది. ఇరవై నాలుగేళ్ళలో హాజరు పట్టీలో తప్ప ఆమె పేరు అచ్చులో పడడం అదే మొదలు. నిలబడే రెండుసార్లు చదివింది. "నాటినవి రాశారు గానీ చచ్చినచోట పూరించినవి రాయలేదు. మొత్తం పదకొండు" అని డాక్టరమ్మకి చెప్పి పెన్నుతో రాయించింది. ఆ పేజీ ఇప్పటికీ మా బీరువాలో, బట్టల అడుగున, మడత నలగకుండా ఉంది.

సూపర్‌వైజర్ కాగితం ఆ సొరుగులో తొమ్మిది నెలలు ఉండి బయటికి వచ్చింది. కింద పెద్దసారు తన చేత్తో ఒక ముక్క రాశారు: నాట్ల రోజుల్లో పొలంలోకి రాకూడదు. అక్క సంతకం పెట్టి, "న్యాయమే" అంది.

ఈ వేసవిలో నేను నాటిన వరసలు పూతకి వచ్చాయి. నిన్న సాయంత్రం ఇద్దరం పదిహేడో వరస దగ్గర ఆగాం. ఒక్కటీ ఒక్కదానితో కలవదు. అన్నీ నేల మీద పాకుతుంటే మధ్యలో ఒకటి పొడుగు కాడలతో, పెద్ద ఆకులతో, పక్కవాటి మీదకి ఎగబడి పెరిగింది. అక్క కన్ను నేరుగా దాని మీదే పడింది. వంగింది. బొటనవేలు, చూపుడువేలు కలిశాయి.

దాని మొదట్లో ఉన్న గడ్డిపోచని మాత్రం లాగి పక్కన పడేసింది.

"ఇది అచ్చం నీలాగే ఉందే" అంది. "పొడుగ్గా, అందరి మీదా పడుతూ."

"పీకేస్తావా మరి?" అన్నాను, నవ్వుతూనే.

ఆమె నా వైపు వింతగా చూసింది, అడగాల్సిన మాటేనా అన్నట్టు.

"పీకితే వరస బోసిపోదూ" అంది, తర్వాతి వరస కలుపు చూడడానికి ముందుకి నడుస్తూ.